పెట్టె వెనక నాలుగు మరలు

పావగడ తాలూకాలో మొట్టమొదటి రేడియోను తయారు చేసినవాణ్ణి నేనే. మూడు వాల్వుల పెట్టె. కరెంటు అన్న మాటే మా పేటలో ఎవరూ వినని రోజుల్లో, మైసూరు మహారాజుగారి ఏలుబడిలో, కొండ కింద మా ఇంటి పంచలో కూర్చుని చేశాను. ఈ సంగతి నా పెండ్లిలో చెప్పాను, నా పిల్లల పెండ్లిళ్ళలో చెప్పాను, బస్‌స్టాండు దగ్గర టీ తాగుతూ లెక్కలేనన్ని సార్లు చెప్పాను. కాదన్నవాడు లేడు. కాదనగలిగిన వాళ్ళంతా వెళ్ళిపోయారు, నాకేమో తొంభై అయిదేండ్లు. సరే, తొంభై రెండు. కాగితం మీద రాస్తున్నాను కాబట్టి ఇంకొకటి కూడా సరిచేస్తాను. రేడియో చేసింది మా మామ. నేను దాని మీద పేర్లు రాశాను, ఏ మర ఏమిటి, ఏది తిప్పితే ఏమవుతుంది అని. అది కూడా ముందరి వైపు. వెనక వైపు సంగతి చెప్పడానికే ఇదంతా మొదలుపెట్టాను.

మొన్న మైకుసెట్టు రమేశు ఇంటికి రాకపోయి ఉంటే ఇదీ రాసేవాణ్ణి కాదు. సొంతంగా ఆంప్లిఫయరు చేసుకుని, రేకు పెట్టెలో బిగించి, చంకన పెట్టుకుని వచ్చాడు. ముందర నాలుగు నాబులు, వెనక అయిదు బొక్కలు. ఎక్కడా ఒక్క అక్షరం లేదు.

"తాతా, నీ రాత శానా బాగుంటాదంట. దీని మీద పేర్లు రాసీప్పా. ముందర నాలుగూ రాస్తే సాలు."

"వెనకవో?"

"వెనకవి నాకు తెలుసు గదా తాతా."

"నీకు తెలుసు. రేపు నీకు జరమొచ్చి పండుకుంటే నీ తమ్ముడు తగిలిస్తాడు. వానికి తెలుసా?"

"వానికేం తెలుసు తాతా, వాడు పందిరి గుంజలు నాటేదానికే పనికొస్తాడు."

"అయితే వెనక తిప్పు."

వెనకనే మొదట రాశాను. మైకు ఇక్కడ, స్పీకరు ఇక్కడ, బ్యాటరీ ఇక్కడ. ఊది ఊది ఆరబెట్టి, పైన వార్నిషు పూసి, అది కూడా ఆరాక గాని పెట్టెను ముందరికి తిప్పనివ్వలేదు. రమేశు రెండు గంటలు అరుగు మీద కూర్చుని మా కోడలు ఇచ్చిన కాఫీ తాగి, ముసలాయనకు చాదస్తం ముదిరిందన్నట్టు చూసి పోయాడు. ఆ చాదస్తం ఎక్కడ పుట్టిందో వానికి చెప్పలేదు. మీకు చెప్తాను.

మా నాయన తొందరగా పోయినందువల్ల అమ్మా నేనూ అవ్వ ఇంట్లోనే ఉండేవాళ్ళం. అవ్వ అంటే మా అమ్మను కన్న తల్లి. ఆ ఇంట్లో తెల్లవారడం విసురురాయి చప్పుడుతో అయ్యేది. అవ్వ రాగులు విసురుతుంటే పిండి వాసన పచ్చిగా, కాస్త మట్టిగా లేచి పంచదాకా వచ్చేది. ఆమెకు అక్షరం ముక్క రాదు, కాని ఇంట్లో ప్రతి డబ్బాకూ ఒక గుర్తు ఉండేది. కందిపప్పు కుండకు సున్నపు చుక్క, ఉప్పు జాడీకి మెడలో దారం, విత్తనాల కుండకు వేపరెమ్మ. చీకట్లో చేయి పెట్టినా తప్పు కుండ ముట్టుకునేది కాదు. నేనప్పటికి పద్దెనిమిదేండ్లవాణ్ణి, తాలూకా కచేరీ ముందర అర్జీలు రాసేవాణ్ణి. నా కన్నడ రాత చూసి ఒకసారి తాలూకాకు పెద్ద అమల్దారుగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. భోజనానికి పోయే వేళయి లేచారని బంట్రోతు తర్వాత చెప్పాడు గాని, లేచిన మాట నిజం.

శేషప్ప మామ బంగారు గనుల్లో కరెంటు పని చేసేవాడు. అక్కడ ఒక యంత్రం అతని కుడిచేతి రెండు వేళ్ళను తీసుకుంది. చేయి మానేదాకా ఉంటానని ఇంటికి వచ్చి, మానిన తర్వాత కూడా ఉండిపోయాడు. ఉండిపోవాలని అతనికి ఉంది, అవ్వకు అంతకు మించి ఉంది. ముగ్గురు బిడ్డలను కంటే దక్కిన మగబిడ్డ అతనొక్కడే. ఊళ్ళో ఉండి ఏం చేసి బతకాలన్నదే చిక్కు. అతను నేర్చిన పనికి పావగడలో గిరాకీ లేదు. అందుకని రేడియో. యుద్ధం నాళ్ళు, ఊళ్ళోనుంచి పోయిన పిల్లలు ఎక్కడెక్కడో ఉన్నారు, వార్తల కోసం జనం మొహం వాచి ఉన్నారు. శనక్కాయల మండీ సుబ్బయ్యశెట్టి మాట ఇచ్చాడు. "విజయదశమి పొద్దు నా మండీలో జనం ముందర పలికించు శేషప్పా. పలికిందంటే ఈ పెట్టె నాది. మండీ పక్క గది నీది. అంగడి పెట్టుకో. మడకశిర, హిందూపురం సావుకార్లకు నేనే చెప్తా." అవ్వ ఆ మాట విన్న రోజు రెండు పూటలా పాయసం చేసింది.

మామ బెంగుళూరు పోయి మూడు వాల్వులు తెచ్చాడు. వాటిని దూదిలో చుట్టి కొర్రల సంచిలో పూడ్చి, బొగ్గు పొగతో నడిచే బస్సులో ఒడిలో పెట్టుకుని వచ్చాడు. అవి పోతే మళ్ళీ దొరికే కాలం కాదు, దుకాణంవాడు ఉన్న ఆఖరివే ఇచ్చానని చెప్పి పంపాడట. పని ఇంటి పంచలోనే. బొగ్గుల కుంపటిలో కమ్మీ ఎర్రగా కాల్చి, తీగల మీద గుగ్గిలం అద్ది సీసం అంటించేవాడు. ఇల్లంతా గుగ్గిలం పొగ. అవ్వకు అది పూజలాగే ఉండేది. కుంపటి ముందు నుంచి పోయినప్పుడల్లా చెంపలు వేసుకునేది. భూమిలో తీగ పూడ్చడానికి రాగి కావాలంటే తన పుట్టింటి రాగి చెంబు ఇచ్చేసింది, స్నానాల జాలాడి పక్కన తడి నేలలో పాతిపెట్టారు.

మిగిలినది పేర్లు. మామ చేతికి కమ్మీ పట్టు దొరికేది గాని కలం పట్టు దొరికేది కాదు. అందుకని ఆ పని నాకు వచ్చింది. పనస చెక్కతో వడ్రంగి చేసిన పెట్టె, ముందర నాలుగు నాబులు. ఒకటి పెట్టెను లేపేది, ఆర్పేది. దానికి "మేలుకో, పండుకో" అని పెట్టాం. రెండోది శబ్దం పెంచేది, "గొంతు". మూడోది స్టేషను వెతికేది, "ఊరు". నాలుగోదానితోనే తంటా వచ్చింది. దాన్ని కొంచెం తిప్పితే దూరపు మాటలు దగ్గరికి వస్తాయి, రవ్వంత ఎక్కువైతే పెట్టె నక్కలా ఊళ వేస్తుంది. మామ దానికేదో ఇంగ్లీషు పేరు చెప్పాడు. అవ్వ విసురుతున్నదల్లా ఆపి అడిగింది.

"ఏం జేస్తాదిరా అది?"

"మెల్లగా తిప్పితే మేలు చేస్తాది మా. ఎక్కువ తిప్పితే ఇల్లెగిరిపోయేట్టు అరుస్తాది."

"అట్లయితే మీ చిన్నత్త పేరు రాయండి."

మామ నవ్వి నవ్వి కమ్మీ కింద పెట్టాడు. చివరికి, జాగ్రత్త అని తెలిసేట్టు, "పైలం" అని రాశాను. పైన కన్నడం, కింద తెలుగు, బంగారు రంగుతో. రంగు, దేవుని పటాలకు చట్రాలు కట్టే ఆయన దగ్గర తెచ్చాను. మూడో వరసలో ఇంగ్లీషు కూడా రాశాను. అందులో ఒక్క తప్పు కూడా ఎవరూ పట్టలేదు, పట్టగలిగినవాళ్ళు ఆ వీధిలో లేరు. ప్రతి పేరు చుట్టూ ఒక తీగ, తీగకు మూడు ఆకులు. నాలుగు రోజులు పట్టింది. పోయేవాళ్ళూ వచ్చేవాళ్ళూ నిలబడి చూస్తుంటే నా చేయి ఇంకా మెల్లగా కదిలేది.

మామ మొదటి రోజే ఒక మాట చెప్పాడు. "ముందు వెనకవైపు రాయి రామాంజీ. జనం చూసేది ముందర. పెట్టె సచ్చేది వెనక."

వెనక పలక మీద వరసగా నాలుగు ఇత్తడి మరలు. రెండు బ్యాటరీలకు రెండేసి. చిన్న బ్యాటరీ వాల్వులను వెలిగించేది. ఆమ్లం పోసినది, దాన్ని నింపుకురావడానికి హిందూపురం టెంటు సినిమా ఇంజనుదాకా బస్సులో పంపేవాళ్ళం. పెద్దది ఇటుకలాంటిది, దానిలో ఉండే శక్తి వేరు. పెద్దదాని తీగలు పొరపాటున చిన్నదాని మరలకు తగిలాయంటే రెప్పపాటులో మూడు వాల్వులూ మాడి కూర్చుంటాయి. ఇది మామ నాకు ఒకసారి కాదు, పదిసార్లు చెప్పాడు. నేను పేర్లు రాసేవరకు ఉండనీ అని, పెద్ద బ్యాటరీ మరలు రెండింటికీ తానే ఎర్ర లక్క చుక్కలు పెట్టాడు.

వెనక పలక గోడ తట్టు ఉంటుంది. గోడకు కన్నడమొస్తుందా, తెలుగొస్తుందా? నాలుగో రోజు సాయంత్రానికి ముందరివైపు ఆఖరి ఆకు పూర్తయింది, నా బంగారు రంగు అయిపోయింది, నా ఓపికా అయిపోయింది. చుక్కలు ఉన్నాయి కదా, మండీలో పెట్టాక తీరిగ్గా రాయవచ్చు అనుకున్నాను.

"వెనక రాసినావా?" అని అడిగాడు మామ, అన్నం ముందర.

"రాసినా మామా."

అంతే. ఆ రెండు ముక్కల కోసం నేను పెద్దగా ఆలోచించలేదు కూడా. అబద్ధాలు నా నోట ఊపిరిలా వచ్చేవి. వాటిలో ఎక్కువ భాగం ఎవరికీ చెరుపు చేయనివే.

మరుసటి రోజు ఆయుధపూజ. మా మైసూరు దేశంలో దసరా అంటే పిల్లవానికి కూడా పూనకం వచ్చే రోజులు. మామ మండీ మిద్దె మీద ఏరియల్ తీగకు గుంజ నాటించడానికి పోయాడు. అవ్వ తలంటుకుని, తడి జుట్టు ముడిచి, పసుపూ కుంకుమా కలిపిన పళ్ళెంతో బయలుదేరింది. కొడవలి, గడ్డపార, రోకలి, విసురురాయి, నా కలాలు, మామ కమ్మీ, చివరికి పెట్టె. నాలుగు నాబులకూ బొట్లు పెట్టింది, నా అక్షరాలను తాకకుండా ఎంతో జాగ్రత్తగా. అక్కడితో ఆగలేదు. పెట్టె వెనక్కి పోయింది.

"యాడికవ్వా?"

"వెనక పెట్టొద్దా? ముందర మొకానికి పెట్టి వీపు మరిస్తే ఎవురైనా అలుగుతారు."

వెనక పలకంతా తడి పసుపు పూసింది. నాలుగు మరలకూ నాలుగు కుంకుమ బొట్లు, ఒక్కొక్కటి రూపాయి బిళ్ళంత. లక్క చుక్కలు ఆ బొట్ల కింద ఎక్కడో మునిగిపోయాయి. నేను గడపలో నిలబడి చూస్తూనే ఉన్నాను. ఆ ఇంట్లో వెనకవైపును తలుచుకున్నవాళ్ళు ఇద్దరు, తల్లీ కొడుకూ. నేను మూడోవాణ్ణి. చుక్కలు ఏ వైపు ఉన్నాయో గుర్తుపెట్టుకోను కూడా లేదు.

విజయదశమి పొద్దు మండీ ముందర ఎంత జనమని! రెండు వేలమంది. లేదు, రెండు వందలు ఉంటారు, అందులో పిల్లలే సగం. పెట్టెను బల్ల మీద పెట్టి, వీపు గోడ తట్టు చేశారు. శెట్టి జరీ తలపాగా చుట్టుకుని వచ్చాడు. అవ్వ ఆడవాళ్ళ ముందర వరసలో, పెండ్లినాటి చీర కట్టుకుని. మామ మిద్దె మీద ఏరియల్ తీగ బిగిస్తూ కిందికి కేక వేశాడు.

"రామాంజీ! బ్యాటరీలు తగిలించు!"

నేను గోడకూ బల్లకూ మధ్య దూరాను. నాలుగు మరలూ పసుపూ కుంకుమతో నాలుగు పెండ్లికూతుళ్ళలా ఉన్నాయి. గోటితో గీకాను. ఆరిన కుంకుమ ఎరుపు, లక్క ఎరుపు, చేతి తడికి అంతా ఒకటే ఎరుపయింది. ఎడమవైపు రెండా, కుడివైపు రెండా? మామను అడిగితే చెప్పేవాడు. కాని ఏమని అడగను? పేర్లు రాసినానని చెప్పినవాడు ఏది ఏది అని ఎట్ల అడుగుతాడు?

"కనిపిస్తాండాదా?" మళ్ళీ పైనుంచి.

"కనిపిస్తాండాది మామా!"

కుడివైపు రెండింటికి పెద్ద బ్యాటరీ తగిలించాను. శెట్టి తన చేత్తో "మేలుకో" తిప్పాడు. పెట్టె లోపల మెరుపు మెరిసినట్టు మూడు గాజు వాల్వులూ ఒక్కసారి తెల్లగా వెలిగాయి. జనం ఓ అని అరిచారు, అదే రేడియో అనుకున్నారు. తర్వాత ఏమీ లేదు. శెట్టి గొంతు తిప్పాడు, ఊరు తిప్పాడు, పైలం తిప్పాడు. కట్టె పెట్టె కట్టె పెట్టెలా కూర్చుంది.

మామ నిచ్చెన దిగి వచ్చాడు. పెట్టెను తిప్పాడు. వెనక పలక చూశాడు.

"పేర్లు యాడరా?"

నా నాలుక నన్ను అడగకుండానే కదిలింది. "అవ్వ పసుపు పూసినాది మామా. అంతా తుడుచుకుని పోయినాది."

"వార్నిషు వేయలేదా?"

"ఆరలేదు మామా."

మామ పైపంచె కొసతో పలకను తుడిచాడు. కింద వట్టి చెక్క. రాత తడిసి పోయిందనే అనుకున్నాడు. ఆడవాళ్ళ వరస నుంచి అవ్వ ఎప్పుడు లేచి వచ్చిందో, మా వెనక నిలబడి ఉంది. అక్షరం తెలిసిన మనిషయితే, పసుపు పూసేటప్పుడు అక్కడ అక్షరాలు లేవని చెప్పేది. ఆమెకు ఆ పలక మీద ఉన్నవి చెక్క గీతలో రాతలో తెలియవు.

"నేనే పూసినా నాయనా," అంది. "పూజ గదా అని పూసినా."

మామ తల్లిని ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. శెట్టి మంచివాడు, "ఇంగో తూరి చూద్దాంలే శేషప్పా" అన్నాడు. ఇంకోసారికి వాల్వులు ఏవి? వారం తిరగకుండా గనుల నుంచి పాత మేస్త్రీ కబురు పంపాడు, రెండు వేళ్ళు తక్కువైనా ఫరవాలేదు రమ్మని. మామ బస్సు ఎక్కాడు. అవ్వ బస్సు దాకా రాలేదు. విసురురాయి దగ్గర కూర్చుని, విసరకుండా, రాయి మీద చేయి పెట్టుకుని ఉంది.

తర్వాత నెలనెలా మామకు ఉత్తరం రాసేది నేనే. అవ్వ చెప్పేది, నేను రాసేవాణ్ణి. మొదటి ఉత్తరం నాకు ఇప్పటికీ కంఠతా ఉంది. "నాయనా శేషూ, నీ పెట్టె నా చేతి పసుపుతో పాడైపాయె. చదువు రాని ముండను, అక్షరాల మీద చేయి పెట్టినా. ఇంగ నీ పనికాడికి రాను. వాకిట్లోనే ఉంటా. నువ్వు ఇంటికి రా." నేను ఒత్తులన్నీ సరిగ్గా ఇచ్చి, గుండ్రంగా, ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాను. కింద ఒక వాక్యం నా సొంతంగా చేర్చడానికి చోటు కూడా మిగిలింది. చేర్చలేదు. నాలుక తడితో కవరు అంటించాను. మామ జవాబు రాశాడు, నీ తప్పేం లేదమ్మా, నా రాత అట్ల ఉండాది అని. దాన్ని కూడా ఆమెకు చదివి వినిపించింది నేనే.

ఇప్పుడు తిరుమణి తట్టు పోతే చూపు ఆనినంత దూరం ఎండను పట్టే పలకలు పరిచి ఉన్నాయి. ఒక్క చిన్న బ్యాటరీకి ప్రాణం పోయడానికి హిందూపురం దాకా పంపిన తాలూకా ఇప్పుడు ఎక్కడెక్కడి ఊళ్ళకో కరెంటు పంపిస్తోంది. మా మామ ఉంటే ఆ పలకల మధ్య తిరిగి తిరిగి అన్నానికి కూడా ఇంటికి వచ్చేవాడు కాడు. మా ఇంట్లోనే ఎన్ని పెట్టెలు! టీవీ, ఇన్వర్టరు, మనవడి ఫోను. అన్నిటికీ ఫ్యాక్టరీలోనే పేర్లు అచ్చు వేసి పంపుతారు, చీమ తలకాయంత అక్షరాల్లో, ఎవరూ చదవరు. తప్పు మరకు తగిలిస్తే పట్టనే పట్టదు, తగలనే తగలదు. తప్పు చేయనివ్వని వస్తువులు. మేలే, కాదనను. మా కాలంలో వస్తువు మనిషిని నమ్మేది, మనిషి ఎట్లాంటివాడో పెట్టె వెనక తెలిసేది. ఇప్పటి పద్ధతిలో నేను బతికిపోయి ఉండేవాణ్ణి, మా మామ పావగడలోనే అంగడి పెట్టుకుని ఉండేవాడు.

పెట్టె మాడిన రెండేండ్లకు అవ్వకు నిజం చెప్పాను. పగలు, వాకిట్లో, అవ్వ విత్తనాలకు శనక్కాయలు ఒలుస్తూ ఉంది. మామ అక్కడే పెండ్లి చేసుకుంటున్నాడని ఉత్తరం వచ్చింది, అక్కడే ఇల్లు కూడా చూశాడట. అంటే ఇక రాడని. అది చదివి వినిపించాక ఆమె చేతులు ఒలుస్తూనే ఉన్నాయి గాని, పప్పు తొక్కల్లో, తొక్కలు పప్పులో వేస్తోంది. చూడలేకపోయాను.

"అవ్వా, నీ పసుపు ఏం చేయలేదు. వెనక పేర్లు నేను రాయనే లేదు. రాసినానని అబద్ధం చెప్పినా. తప్పుగా తగిలించింది కూడా నేనే."

ఆమె తలెత్తి నా మొహం చూసింది. తర్వాత నవ్వింది. ఆ రెండేండ్లలో ఆమె నవ్వడం అదే మొదలు.

"ఎంత బాగా చెప్తావురా అబద్ధాలు! మొన్న కొండమీద ఎలుగ్గొడ్డును కట్టెతో తరిమినానంటివి. పక్కింటామె చెప్పె, అది నల్లకుక్క అని."

"అది అబద్ధమే అవ్వా. ఇది నిజం."

"సరేలే."

"దేవునాన అవ్వా!"

"ఒట్లు పెట్టుకోవద్దు. ముసల్ది ఏడుస్తాదని నా తప్పు నీ నెత్తిన ఏసుకుంటాండావు. నాకు తెలీదా నా బిడ్డ మనసు?" అని, పప్పు చేతితో నా గడ్డం పట్టుకుని ముద్దు పెట్టుకుంది.

ఎన్ని విధాల చెప్పినా నమ్మలేదు. గట్టిగా చెప్పిన కొద్దీ ఆమెకు నా మీద ప్రేమ ఎక్కువయింది. అంతటితో ఆగితే సరిపోయేది. సాయంత్రానికి నీళ్ళకాడ ఆడవాళ్ళందరికీ చెప్పింది. వారం లోపల పేటంతా తెలిసింది, రామాంజి ముసలిదాని పాపం తన మీద వేసుకున్నాడట అని. నేను కచేరీకి పోతుంటే అరుగుల మీది పెద్దవాళ్ళు తమ పిల్లలకు నన్ను చూపించేవాళ్ళు. "సూడండ్రా, కంటే అట్లాంటోణ్ణి కనల్ల." నేను తల వంచుకుని పోయేవాణ్ణి. దాన్ని చూసి, ఎంత అణకువ అనేవాళ్ళు.